ఎంగిలి చెయ్యని ఆనపకాయ

సాలూరులో గంగరాజు ఇంటి ముందు పోలీసు జీపు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అతని భార్య ఈశ్వరిని ఎక్కించుకోవడమే తరువాయి. నేను ఆటో దిగి, గేటు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. కడుపులో ఒకటే మంట. పొద్దున విజయనగరంలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఇదే వరస. గజపతినగరం దగ్గర బస్సు ఆపించి రోడ్డు పక్కన కక్కాను కూడా. "ముసలోలు ముందు సీట్లో కూకోవాల బాబూ" అని డ్రైవరు సలహా ఇచ్చాడు. సలహాలివ్వడానికి ఈ దేశంలో లైసెన్సు అక్కర్లేదు.

"ఇంత లేటేటి సార్? అక్కని తీసుకెల్లిపోతన్నారు!" అంటూ రేఖ పరిగెత్తుకొచ్చింది. దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది. "మీ మొకం ఏటి అలగైపోనాది?"

"బస్సు. నువ్వు ముందు మీ అక్క సంగతి చెప్పు."

రేఖ ఈశ్వరికి చెల్లెలు. విజయనగరంలో ఓ ల్యాబులో పనిచేస్తుంది. మూడు నెలలకోసారి నా చేతికి సూది గుచ్చి రక్తం తీసేది ఆ పిల్లే. నాకు ఫ్యాటీ లివరు. కాలేయానికి కొవ్వు పట్టింది, ఎంజైములు పెరిగాయి, ఇలాగే వదిలేస్తే గట్టిపడిపోతుంది అని డాక్టరు చెప్పాడు. మందు రాస్తాడేమోనని చూశాను. రాయలేదు. బరువు తగ్గు, రోజూ నడువు, అన్నం సగం చెయ్యి, స్వీట్లు మానెయ్యి అన్నాడు. సారా మానమన్నాడు. జన్మలో ముట్టలేదయ్యా, బాప్టిస్టు చర్చిలో పెరిగినవాణ్ణి అంటే నమ్మనట్టు చూశాడు. ఆనపకాయ రసం తాగమని మాత్రం డాక్టరు చెప్పలేదు. అది యూట్యూబు చెప్పింది.

పోయిన వారం రిపోర్టులో నా ఎస్‌జీపీటీ, అదే లివరు ఎంజైము, దాదాపు మామూలుకొచ్చింది. "లివరు మీ మాట ఇంటన్నాది సార్" అని రేఖ సంబరపడింది. నాకు సంబరం రాలేదు. నా భార్య ఎలీసమ్మ పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ నాకు ఏదీ పెద్దగా అనిపించడం లేదు. ఆకలి లేదు, రుచి లేదు, ఏడుపు కూడా లేదు. విసుగు మాత్రం కాస్త మిగిలింది. అదీ పోతే ఈ పని చెయ్యలేను. పోలీసు ఉద్యోగం అయిపోయాక ప్రైవేటుగా కేసులు చూస్తున్నది ఆ విసుగుతోనే.

గంగరాజుది కూడా ఇదే జబ్బు. కాకపోతే అతనిది తాగుడుతో వచ్చింది. అన్నదమ్ములిద్దరికీ కలిపి లారీలున్నాయి. సాయంత్రమైతే సీసా ఉండాల్సిందే. కళ్ళు పచ్చబడ్డాక భయపడి, రేఖ బతిమాలితే రక్తం ఇచ్చాడు. నంబర్లు చూసి ఇంకా భయపడి అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాల మెడలో ఉంటే సీసా ముట్టరు. ఒంటిపూట భోజనం, చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని నడక. లివరుకి ఇంతకన్నా మంచి ఆసుపత్రి ఉండదు. ఎంజైములు దిగుతూ వచ్చాయి. అలాంటివాడు నాలుగు రోజుల కిందట పూజ చేసుకుని, ఆనపకాయ రసం తాగి, మధ్యాహ్నం కాకుండానే నెత్తురు కక్కుకున్నాడు. సాయంత్రానికి పోయాడు.

తాగి తాగి లివరు పేలిపోయిందని ఊరంతా అన్నారు. పోస్టుమార్టం కాదంది. సారా చుక్క లేదు. కడుపు లోపలంతా పుండైపోయింది. చేదు ఆనపకాయ రసం అని డాక్టరు తేల్చాడు. కాకరకాయ చేదు ఎవర్నీ చంపదు. ఆనపకాయ చేదుగా ఉందంటే మాత్రం అది విషమే. అందుకే మన ఆడవాళ్ళు ఆనపకాయ కోయగానే ఓ ముక్క నాలుక మీద వేసుకుని చూస్తారు. ఎలీసమ్మ అయితే చేదు తగిలితే కిటికీలోంచి థూ అని ఉమ్మి, ఆ కాయనీ అమ్మినవాణ్ణీ కలిపి తిట్టేది.

అరుగు మీద తెల్ల పంచెలో ఓ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. తిరుమలరావు. గంగరాజుకి అన్న.

"రండి డేవిడ్‌రాజుగారూ. పొద్దున్న రసం తాగినారా?"

"తాగాను. సగం గ్లాసు. ఇంతలో రేఖ ఫోను చేసింది. మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేశాను."

"అయ్యో, సగంలో ఆపకూడదండి. ఇంటికెల్లి తాగీండి."

మంచి మనిషి అనుకున్నాను. నిన్న సాయంత్రం విజయనగరంలో మా ఇంటికి వచ్చాడు. ఈశ్వరి తరఫున రేఖ నన్ను కేసు చూడమందని తెలిసి, తనకి తెలిసింది చెప్తానని వచ్చాడు. చేతిలో కూరగాయల సంచి. "మీరు కిరస్తానీలు, మైల పట్టింపు లేదు గాబట్టి వొచ్చినాను" అన్నాడు. మీకూ లివరేనటగా, రేఖ సెప్పింది, రోజూ ఏటి తాగుతారు అని అడిగాడు. ఆనప, కాకర కలిపి అన్నాను. సంచిలో ఆనపకాయలు ఉన్నాయని, వాడుకోమని ఇచ్చి వెళ్ళాడు. పొద్దున అందులో ఒకటి కోసి మిక్సీలో వేసుకున్నాను. ముక్కు మూసుకుని తాగుతాను నేను. రుచి తెలియని నోటికి ఏదైతేనేం.

నట్టింట్లో ఇన్‌స్పెక్టర్ పృథ్వీరాజ్ కుర్చీలో కూర్చుని సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చాడు. పెళ్ళి కాలేదు. హోటలు పార్సిళ్ళ మీద బతుకుతాడు.

"రండి సార్," అన్నాడు తలెత్తకుండానే. "రిటైరైనవాళ్ళు నడవాలంటారు గానీ మరీ సాలూరు దాకానా?"

"డాక్టరు దూరం చెప్పలేదు. ఆవిణ్ణి ఎందుకు తీసుకెళ్తున్నారు?"

"ఆవిడ నోటిమాట మీదే. ఆనపకాయ కోస్తే రుచి చూస్తావా అని అడిగాను. ఎప్పుడూ చూస్తానంది. సంతకం కూడా పెట్టింది. రుచి చూసిన మనిషికి ఆ కాయ నోట్లో పెట్టలేనంత చేదని తెలియాలి. తెలిసీ మొగుడికి ఇచ్చిందంటే దాన్నేమంటారు?"

"తాగినవాడికి చేదు తెలియలేదా?"

"సగం కాకరకాయ కలిపింది. పైగా లివరుకి చేదు మంచిదని ఇక్కడ అందరికీ ఓ పిచ్చి నమ్మకం. ఎంత చేదైతే అంత మందు అనుకుని మింగేశాడు."

ఆ పిచ్చివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

"ఎందుకు చంపుతుంది?" అన్నాను.

"తాగొచ్చి కొట్టేవాడు. వీధిలో ఎవర్నడిగినా చెప్తారు."

"తాగుడు మానేశాడుగా."

"మాల దిగాక మళ్ళీ మొదలెడతాడని భయం." ఫోను జేబులో పెట్టి నావైపు చూశాడు. "డేవిడ్‌రాజు గారూ, మీరు పెద్దవారు. పది నిమిషాలిస్తాను. మాట్లాడుకోండి. తర్వాత నేను కోర్టుకి వెళ్ళాలి. సాక్ష్యం చూపిస్తే వింటాను. సానుభూతి చూపిస్తే మాత్రం టైము వేస్టు."

"నా దగ్గర సానుభూతి లేదులే. ఉంటే ఇంట్లో కూర్చుని ఏడ్చేవాణ్ణి."

ఈశ్వరి గోడకానుకుని నేల మీద కూర్చుంది. ఎదురుమూల ఆమె అత్తగారు జగ్గమ్మ, చనిపోయినవాడికీ తిరుమలరావుకీ తల్లి, చాప మీద ముడుచుకుని ఉంది. ఈశ్వరి కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆ చూపు నాకు తెలుసు. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను.

"ఆ రోజు ఏం జరిగిందమ్మా?"

"సామి తెల్లారగట్ల లేసి తానం సేసినారు. పూజ సేసుకున్నారు. నాను రసం తీసి ఇచ్చినాను. తాగీసి నడకకి ఎల్లినారు. తిరిగొచ్చి కడుపులో మంటన్నారు. అంతేనండి."

మాల వేసుకున్నవాణ్ణి పెళ్ళాం కూడా స్వామి అనే పిలవాలి. మనిషి పోయినా ఆమె నోట్లో ఆ పిలుపు ఉండిపోయింది.

"తాగేటప్పుడు ఏమైనా అన్నాడా?"

"ఇయాల సేదు ఎక్కువుందే అన్నారు. మందు కదా సామీ, కళ్ళు మూసుకుని తాగీండి అన్నాను." ఆగింది. "నానే అన్నాను."

జగ్గమ్మ చాప మీద అటు తిరిగింది. నేను వెంటనే తర్వాతి ప్రశ్న వేశాను. ఆ మాట దగ్గర ఎక్కువసేపు నిలబడితే ఆమె మళ్ళీ నోరు విప్పదు.

"కాయ రుచి చూశావా?"

"లేదండి."

గుమ్మంలోంచి పృథ్వీరాజ్ చప్పట్లు కొట్టాడు. "విన్నారా? మొన్న చూశానంది, ఇవాళ లేదంటోంది."

"ఎప్పుడూ సూస్తానండి. మాల రోజుల్లో కాదు," అంది ఈశ్వరి.

"ఏం?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఇంత వయసొచ్చి ఇదీ తెలీదా అన్నట్టు.

"సామికి పెట్టీది ముందు నాను నోట్లో ఏసుకుంటే ఎంగిలైపోదేటండి? కూరలో ఉప్పు కూడా సూడను. ఎక్కువైనా తక్కువైనా అలగే ఆకుమీద ఏస్తాను. ఆరు తిన్నాకే మాకు."

"ఆ ముక్క ఇన్‌స్పెక్టరు గారికి ఎందుకు చెప్పలేదు?"

"ఆరు మాల సంగతి అడగలేదండి. ఆనపకాయ కోస్తే రుసి సూస్తావా అన్నారు. సూస్తానన్నాను. నాను అబద్ధం ఆడలేదు."

నాకు తెలియకపోవడానికి కారణం ఉంది. మా ఇళ్ళల్లో అయ్యప్ప మాల వెయ్యరు. చర్చికి తీసుకెళ్ళే కేకు కూడా ఎలీసమ్మ అంచు విరిచి చూసేది. పృథ్వీరాజ్‌కి తెలియకపోవడానికి హోటలు పార్సిళ్ళు కారణం. ఇద్దరు తెలివైన మగాళ్ళం, ఓ ఆడమనిషి ఇల్లెలా నడుపుతుందో తెలియక జీపు ఇంజను ఆన్‌లో పెట్టుకు కూర్చున్నాం.

"లాయరు నేర్పిన మాట," అన్నాడు పృథ్వీరాజ్. కానీ గొంతులో మొదటి బలం లేదు.

"లాయరింకా రాలేదు సార్," అంది రేఖ.

"రుచి చూడొద్దని నీకెవరైనా చెప్పారా, నీకే తెలుసా?" అని ఈశ్వరినడిగాను.

"తెలిసిందేనండి. అయినా బావగారు గురుసామి కదా, మాల ఏసినరోజు నన్ను పిలిచి గట్టిగా సెప్పినారు. 'నీకు ప్రతీదీ నాలిక మీద ఏసుకునే అలవాటున్నాది, ఈ రోజుల్లో అది మానుకోవాల' అన్నారు."

"కాయలెక్కడివి?"

"సామికి కూరగాయలన్నీ బావగారే పంపీవారు."

నేను లేచాను. లేవగానే ఇల్లు కాస్త పక్కకి ఒరిగినట్టనిపించింది. గోడ పట్టుకుని సర్దుకుని, అరుగు మీదకి వచ్చాను. కడుపులో మంట గొంతు దాకా పాకింది. గ్యాసు అనుకున్నాను. ఉదయం నుంచీ అదే అనుకుంటున్నాను.

తిరుమలరావు అరుగు చివర కూర్చుని ఉన్నాడు.

"మీ తమ్ముడికి మాల వేసింది మీరేనా?"

"నానే. పద్దెనిమిదిసార్లు కొండకెల్లొచ్చినోణ్ణి. ఆసుపత్రిలో మెల్లోంచి తీసింది కూడా ఈ సేత్తోనే." చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి వణకడం లేదు.

"ఆ ఆనపకాయ మీరు పంపిందేనట."

"సంతలో కొన్నాను. నాలుగు రకాలు కొన్నాను, అన్నీ పంపినాను. సేదో తీపో కాయకి పైన రాసుంటాదేటండి? ఆ రోజు నాను ఊర్లోనే లేను. రాయపూరు లోడుతో బండి మీదున్నాను, కబురు తెలిసి తిరిగొచ్చినాను."

"కాయ పనిచెయ్యడానికి మీరు ఊళ్ళో ఉండాల్సిన పనిలేదు."

నవ్వాడు. "మా తమ్ముణ్ణి నానేల సంపుకుంటాను బాబూ? ఆడు తాగినన్నాళ్ళూ భుజాన ఏసుకుని ఇంటికి తెచ్చినోణ్ణి నాను."

అది నిజమే. రేఖ నాతో చెప్పిన మాట ఇంకోటి ఉంది. తాగినన్నాళ్ళూ గంగరాజు అన్న చూపించిన చోటల్లా సంతకం పెట్టేవాడు. తాగుడు మానాక, చదివి పెడతాను అన్నాట్ట. మాల దిగాక లారీలు పంచుకుందాం అని కూడా అన్నాట్ట. లివరు బాగుపడితే తల బాగుపడుతుంది. తల బాగుపడిన తమ్ముడు కొందరన్నలకి అక్కర్లేదు.

కానీ అది ఊహ. పృథ్వీరాజ్ దాన్ని సానుభూతి కిందే జమకడతాడు.

వెనక్కి తిరిగి జగ్గమ్మ దగ్గరికెళ్ళాను. "అమ్మా, స్వామికి వంట ఎక్కడ చేసేవారు?"

ఆవిడ వెనక వసారా వైపు చెయ్యి చూపించింది. అక్కడో మూల చిన్న పీఠం కట్టి ఉంది. అయ్యప్ప పటం, ఎండిన పూలు. పక్కనే వేరే పొయ్యి, కొత్త గిన్నెలు, చిన్న కత్తిపీట, ఓ వెదురు బుట్ట. మాల రోజుల్లో స్వామి వంట మిగతా ఇంటి వంటతో కలపరు.

"పోలీసులు ఇక్కడ చూశారా?"

"వంటింట్లో మిక్సీ పట్టుకెల్లినారు," అంది రేఖ. "ఇక్కడికి రాలేదు. బూట్లిప్పాలన్నాం. మాకు మైల, పన్నెండో రోజు దాకా మేం ముట్టుకోకూడదు. ఎవులూ ముట్టలేదు."

"నాకు మైల లేదు. అమ్మా, నేను వెళ్ళొచ్చా?"

తిరుమలరావు గబగబా లోపలికి వచ్చాడు. "పీఠం కాడికి పరాయోలు ఎలగెల్తారు? తప్పు."

"ఊరుకోరా," అంది జగ్గమ్మ. అదే ఆవిడ నోట నేను విన్న మొదటి మాట. "ఎల్లు బాబూ. సెప్పులిప్పీసి ఎల్లు."

చెప్పులిప్పి, పీఠం పక్కన గొంతుక్కూర్చున్నాను. వెదురు బుట్ట మీద ఎండిపోయిన అరిటాకు. దాని కింద, గుడ్డలో చుట్టి, సగం ఆనపకాయ. కోసిన వైపు వాడి ముడతలు పడింది.

"ఇదేంటమ్మా?" అని అరిచాను.

గుమ్మం అవతల నుంచే ఈశ్వరి చెప్పింది. "ఆ రోజు సగం కోసినాను. మిగతా సగం మర్నాటికి సామి రసానికని తడిగుడ్డ సుట్టి పెట్టినాను."

నేను పృథ్వీరాజ్ వైపు తిరిగాను. "ఇన్‌స్పెక్టరు గారూ, విషమని తెలిసి మొగుడికి పోసిన మనిషి మిగతా సగం తడిగుడ్డ చుట్టి రేపటికి దాస్తుందా? పెంటకుప్పలో పారేస్తుందా?"

అతను బూట్లు విప్పాడు. అది నాకు జవాబు. వచ్చి నా పక్కన కూర్చుని కాయవైపు చూశాడు.

"ఇది మామూలు ఆనపకాయేగా?"

"తొడిమ కింద చూడండి. మెడ చుట్టూ నొక్కుకుపోయిన గీత ఉంది. తాడు కట్టిన గుర్తు. మాది చీపురుపల్లి దగ్గర. చిన్నప్పుడు పొలంలో, ఎండబెట్టి తొలిచిన ఆనపబుర్రలో నీళ్ళు తాగి పెరిగాను. బుర్ర చెయ్యడానికి వేరే తీగ పెడతారు. పట్టుకోవడానికి నడుము రావాలని పిందె మీదే తాడు కడతారు. కూరకి వాడే కాయకి ఎవరూ తాడు కట్టరు. బుర్ర కాయ చేదు. లేతగా కోస్తే చూడ్డానికి కూర కాయలాగే ఉంటుంది. సంతలో ఇది అమ్మరు. అమ్మితే ఆడవాళ్ళు తంతారు."

చెప్తూనే ఆగిపోయాను. మెడ చుట్టూ గీత.

పొద్దున నా కత్తిపీట మీద కాయ. తొడిమ కింద నొక్కుకుపోయి ఉంటే, అక్కడ చెక్కు సరిగ్గా రావడం లేదని విసుక్కుని ఆ ముక్క కోసి పారేశాను. కళ్ళారా చూశాను. అయినా పట్టించుకోలేదు. ఏడాదిగా నేను దేన్నీ పట్టించుకోవడం లేదు.

కోసిన వైపు వేలితో రుద్ది, ఆ వేలు నాలుక చివరికి తాకించాను.

"సార్! ఏటి సేస్తన్నారు!" రేఖ కేక పెట్టింది.

చేదు. నాలుక వెనకదాకా గీరుకుంటూ పోయి గొంతులో పట్టుకుంది. ఉమ్మేసినా వదల్లేదు. ఏడాదిలో నాకు తెలిసిన మొదటి రుచి అది. కానీ కొత్తది కాదు. పొద్దున్నుంచీ నా గొంతులో కూర్చుని, నేను గ్యాసు అనుకుంటున్నది ఇదే.

"రేఖా," అన్నాను. "పోయిన వారం నా ఎస్‌జీపీటీ ఎంత?"

"దాదాపు నార్మల్ సార్. ఇప్పుడు అదేలండి?"

"కాగితం నీ ల్యాబులో ఉంటుందిగా. ఇవాళ మళ్ళీ తియ్యి, రెండూ పక్కపక్కన పెడితే విషం తెలుస్తుంది." పృథ్వీరాజ్ భుజం మీద చెయ్యి వేసి లేచాను. "సాక్ష్యం కావాలన్నారుగా. విజయనగరంలో మా ఇంటి ఫ్రిజ్‌లో సగం గ్లాసు రసం ఉంది. పక్కనే సగం కాయ. చెత్తబుట్టలో ఈ గీతే ఉన్న చెక్కు ఉంది. మిగతా సగం గ్లాసు నా కడుపులో ఉంది. ఈశ్వరి జన్మలో మా గుమ్మం తొక్కలేదు. నా గ్లాసులో ఈ చేదు ఎవరు పోశారో మీరే అడగండి."

నేను తిరుమలరావు వైపు చూశాను. అందరూ అటే చూశారు.

"సంతలో కొన్నవే... ఆరికీ అందులోవే ఇచ్చినాను. నాకేటి తెలుసు?" అన్నాడు. "మంచికెల్తే సెడు ఎదురయినట్టున్నాది!"

అప్పుడు జగ్గమ్మ చాప మీంచి లేచింది. గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు ఈరింటికి కూరగాయలు తీసుకెల్లినావా?"

"అమ్మా, అదీ..."

"మైలలోనా? తమ్ముడి బూడిద సల్లారలేదు. మైలలో ఉన్నోడు ఒకరి గడప తొక్కుతాడా? తినీది ఏటైనా పట్టుకెల్తాడా? పద్దెనిమిదిసార్లు కొండెక్కినావు, నాకు ధర్మాలు సెప్తావు. ఆ ముక్క నీకు తెల్దా?"

"ఆరు కిరస్తానీలమ్మా, పట్టింపు..."

"ఆరికి లేదు. నీకు లేదేట్రా?"

జగ్గమ్మ కొడుకు చెంప మీద కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. అతని చెయ్యి, ఇందాక నాకు చూపించిన చెయ్యి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వదిలేసి అక్కడే నేల మీద కూలబడిపోయింది.

"ఇద్దరూ పోనారు," అంది. "నాకు ఇద్దరూ పోనారు."

ఈశ్వరి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. ఆవిడ తల తన భుజానికి ఆన్చుకుంది. అప్పుడు ఏడ్చింది ఈశ్వరి. నాలుగు రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది. దాన్ని చూస్తుంటే నాకేదో గుండెలో కదిలినట్టయింది. అది గుండె కాదు. కడుపు.

పెరట్లోకి పరిగెత్తి, నూతిపళ్ళెం దగ్గర వంగి కక్కాను. నీళ్ళు, పైత్యం. ఆ తర్వాత ఎర్రగా వచ్చింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాను. ఎర్రగానే ఉంది.

రేఖ నా నుదురు పట్టుకుంది. చల్లటి చెయ్యి. "సార్, నిజం సెప్పండి. ఎంత తాగినారు?"

"సగం గ్లాసు. నువ్వు ఫోను చెయ్యకపోతే మొత్తం తాగేవాణ్ణి."

"గంగరాజు బావ గ్లాసుడు తాగినాడు," అంది. ఆ పిల్ల తనకి ధైర్యం చెప్పుకుంటోందో నాకు చెప్తోందో తెలియలేదు. "మీది సగమే. సగమే కదా సార్?"

"దీనికి విరుగుడేమైనా ఉందా?"

ఆమె కళ్ళు దించుకుంది. రోజూ రిపోర్టులిచ్చే పిల్ల. చెడ్డ రిపోర్టు ఇచ్చేటప్పుడు ఎలా కళ్ళు దించుకుంటుందో నాకు తెలుసు.

లోపల పృథ్వీరాజ్ అరుస్తున్నాడు. ఒక కానిస్టేబులు తిరుమలరావు రెక్క పట్టుకున్నాడు. ఇంకొకడు సగం కాయని గుడ్డతో సహా సంచిలో పెడుతున్నాడు. తర్వాత పృథ్వీరాజ్ బూట్లు లేకుండానే పెరట్లోకి వచ్చి, నా చంకకింద చెయ్యి వేసి లేపాడు. కుర్రాడికి బలం బానే ఉంది.

"నడవగలరా సార్?"

"నడవాలనే కదా డాక్టరు చెప్పింది."

ఈశ్వరి కోసం ఆగిన జీపులో నన్ను వెనక సీట్లో పడుకోబెట్టారు. ఇంజను ఇంకా ఆన్‌లోనే ఉంది. రేఖ నా తల ఒళ్ళో పెట్టుకుంది. జీపు కదిలేటప్పుడు గుమ్మంలో ఈశ్వరి కనిపించింది. చేతులకి బేడీల్లేవు. రెండు చేతులూ జోడించి నావైపే చూస్తోంది.

నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. ఆ ఉప్పు కింద ఇంకా ఆ చేదు. రెండూ విడివిడిగా తెలుస్తున్నాయి నాకు. ఏడాది కిందట ఎలీసమ్మ శవపేటిక మీద మట్టి వేసి ఇంటికొచ్చి, నేనూ పోతే బాగుండునని పడుకున్నాను. అప్పట్నుంచీ చావంటే నాకు ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు భయం వేసింది.

"రేఖా," అన్నాను. "తొందరగా పోనివ్వమను."